రెండో పిలుపు

ఎరుపూ తెలుపూ ముఖాలున్న చెక్క ముక్కల్ని నా ముందు పోసి, కార్డు మీద ఉన్న బొమ్మలాగా పేర్చమంది పరీక్షలావిడ. పేర్చాను. ఆమె చేతిలోని గడియారం టిక్కుమంది. ఇంకో కార్డు తీసింది. అదీ పేర్చాను. మూడోదానిలో ఏదో మెలిక ఉంది. కాస్త తల వంచి చూశాక అదీ లొంగింది.

"ఇంతకంటే కష్టమైనవి ఉంటే తీయండి," అన్నాను.

"తీస్తానండీ," అంది. అంతే. బాగా చేశారనలేదు, బాగాలేదనీ అనలేదు.

పొగ రంగు చూసి లోపల తగలబడుతున్నది చెక్కా, రబ్బరా, రంగు డబ్బాలా అని బయటి నుంచే చెప్పడం నా వృత్తి. అలాంటిదాన్ని, ఆవిడ ముఖం చూసి మనసులో ఏముందో ఆనవాలు పట్టలేకపోయాను. నేనేం చెప్పినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది.

నేను ఫైర్ స్టేషన్లో అధికారిని. మా బండి వెళ్ళినచోట ఎవరు లోపలికి వెళ్ళాలో, ఎవరు ఆగాలో, ఎప్పుడు బయటికి వచ్చేయాలో చెప్పేది నేనే. నా మాట మీద మనుషులు పొగలోకి వెళ్తారు. ఎన్ని మంటల దగ్గరికి వెళ్ళినా కనురెప్ప కమలకుండా వచ్చినదాన్ని, ఆ ఎండాకాలం మొదట్లో మా ఆవరణలోనే బండి కడిగిస్తూ తడి సిమెంటు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. తల బండి మెట్టుకు తగిలింది. నిప్పుకు దొరకనిదాన్ని నీళ్ళకు దొరికాను. మా ఆయన నీటి సరఫరా శాఖలో పనిచేస్తారు. "చివరికి మేడమ్‌ని వాళ్ళ ఆయన శాఖే గెలిచింది," అని స్టేషన్లో చెప్పుకున్నారట. నేను బతుకుతానని తెలిశాకే లెండి.

ఆసుపత్రిలో మొదటి రోజులు నాకు గుర్తు లేవు. ఇంటికి వచ్చేసరికి మాత్రం నడుస్తున్నాను, తింటున్నాను, పోట్లాడుతున్నాను. "దెబ్బ తలకే తగిలింది, నోటికి తగల్లేదు," అన్నారు మా అత్తగారు. ఆవిడ నోరు కూడా తక్కువది కాదు. మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నామంటే వీధి చివర వాళ్ళకు రేడియో అక్కర్లేదు. మధ్యలో మా ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. ఆయన మితభాషి అని అందరం నమ్మేవాళ్ళం.

ఎండలు ముదిరాయి. ఎండుగడ్డి అంటుకుంటోంది, గోదాములు అంటుకుంటున్నాయి. మా బండి రోజూ బయటికి వెళ్తోంది, నేను లేకుండా. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేదాన్ని. మా పెద్దాయనకు, అంటే మా శాఖ అధిపతికి, ఫోన్ చేసి విసిగించగా విసిగించగా ఆయన ఒక మాట అన్నారు.

"పరీక్షలు చేయించుకోమ్మా. తలకు దెబ్బ తగిలినవాళ్ళకి తెలివి ఎలా ఉందో కొలిచేవాళ్ళున్నారు. వాళ్ళు సరేనంటే మర్నాడే వచ్చెయ్."

"నా తెలివికేమైంది సార్?"

"ఏమీ కాలేదనే చెప్పించుకురా."

అలా వచ్చాను ఆ గదికి. బడిలో ఎప్పుడూ తప్పని పిల్ల పరీక్షకు వెళ్ళినట్టే వెళ్ళాను. గోడలకు ఏమీ లేవు. కిటికీకి మందపాటి తెర. బయట వీధిలో హారన్లు మోగుతున్నా లోపలికి దోమ రొద పాటి కూడా వినిపించదు. బల్ల, రెండు కుర్చీలు, ఆవిడ, ఆవిడ గడియారం.

"పడవకీ వంతెనకీ పోలికేమిటండీ?" అని అడిగింది.

"రెండూ మనల్ని తడవకుండా అవతలికి చేరుస్తాయి."

రాసుకుంది. మాటలకు అర్థాలు అడిగింది, చెప్పాను. తను చదివిన అంకెల్ని వెనక నుంచి చెప్పమంది, చెప్పాను. అంకెకో గుర్తు చొప్పున ఇచ్చి, కాగితం నిండా ఉన్న అంకెల కింద గబగబా ఆ గుర్తులు వేయమంది. అక్కడ మాత్రం పెన్ను కదలనంది. తప్పులు లేవు గానీ, బురదలో నడిచినట్టుంది. సగం కూడా కాకుండానే "ఆపండి" అంది.

"ఈ పెన్ను బాగాలేదు," అన్నాను.

ఆవిడ ఇంకో పెన్ను ఇచ్చింది. పెన్నులో ఏ లోపమూ లేదని ఇద్దరికీ తెలిసిపోయింది, కానీ ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత మా వాళ్ళను లోపలికి పిలిచింది. "దెబ్బ తగలకముందు ఈవిణ్ని ఎవరూ పరీక్షించలేదు కదండీ. ఇప్పుడెంతో నేను కొలవగలను. అప్పుడెంతో తెలిస్తేనే కదా తేడా తెలిసేది? అందుకని చదువు, ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ మాట, వీటిని బట్టి లెక్క వేసుకుంటాం." మా ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ముందు ఎలా ఉండేవారు?"

ఆయన నోరు తెరిచారు.

"ఎలా ఉంటుంది, ఇలాగే," అన్నారు అత్తగారు. "ఎవరి మాటా వినదు."

"నేను విననా?" అన్నాను. "మీరే కదత్తయ్యా..."

"చూశారా," అన్నారు అత్తగారు ఆవిడతో.

ఆయన నోరు మూసుకున్నారు. పరీక్షలావిడ ఆ రాసుకునేదేదో చాలాసేపు రాసుకుంది. అప్పుడు నా గురించే రాస్తోందనుకున్నాను. మా ఇంటి గురించి రాసుకుందని ఇప్పుడు అనుమానం.

ఫలితాలు చెప్పడానికి వారం పడుతుందంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టాను. ఫోన్ మోగింది. మా స్టేషన్లో నా తర్వాతివాడు. నేనే నేర్పి తయారుచేసిన మనిషి. ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూసుకుని గానీ చేయడు కాబట్టి స్టేషన్లో అందరూ నత్త అంటారు, నేను పెట్టిన పేరే. పాత ఫ్యాక్టరీలో మంట, పక్కన నూనె పీపాలు ఉన్నాయి, గాలి ఇటు వీస్తోంది, ఏ వైపు నుంచి వెళ్ళమంటారు మేడమ్ అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. ఆ ఫ్యాక్టరీ మొత్తం కనబడింది. వెనక గోడకు చిన్న ఇనప తలుపు ఉంటుంది చూడు అన్నాను. పీపాల మీద మాత్రం నీళ్ళు కొట్టించకు, నురగ వాడు అన్నాను. ఒక్క పొల్లు మాట లేదు. ఫోన్ పెట్టేశాక నా భుజం నేనే తట్టుకోవాలనిపించింది.

వంటింట్లో గిన్నె మాడి నల్లగా అయింది. అత్తగారు పొయ్యి ఆపి, తడిగుడ్డతో గట్టు తుడుస్తున్నారు. వీధి తలుపు ఎవరో తట్టి తట్టి వెళ్ళిపోయారట. "వస్తున్నా" అని నేనే కేకేశానట.

"పాలు పొంగని ఇల్లుంటుందా అత్తయ్యా," అన్నాను.

ఆవిడ గుడ్డ పిండి ఆరేసి, ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నారు. మా అత్తగారు పదవీ విరమణ దాకా టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్. తీగలు చేత్తో గుచ్చి ఒకరికొకరిని కలిపిన కాలం ఆవిడది.

"ఒక్కో కాల్ నువ్వు బాగానే మాట్లాడతావు అమ్మాయ్," అన్నారు. "నాకంటే బాగా మాట్లాడతావు. ఇంకోటి వచ్చేసరికి మొదటిది తెగిపోతోంది. లేదా రెండోదాన్ని ఉండమని చెప్పి, ఉండమన్న సంగతి మర్చిపోతున్నావు. పాపం, అవతలివాళ్ళు లైన్లోనే ఉంటున్నారు."

"మీరేమైనా డాక్టరా?"

"కాదు. ఆపరేటర్ని."

నాకు ఒళ్ళు మండింది. అదే మాట ఆవిడ గొంతు పెంచి అని ఉంటే నేనూ పెంచేదాన్ని, అక్కడితో సరిపోయేది. ఆవిడ మెల్లగా అన్నారు. మా కాపురంలో ఆవిడ నాతో మెల్లగా మాట్లాడింది అదే మొదలు. అందుకే భయం వేసింది. భయం వేసిందని ఒప్పుకోకుండా గిన్నె తోమడానికి కూర్చున్నాను.

ఫలితాల రోజు పరీక్షలావిడ ముందుగా నాకే చెప్పింది, నా కళ్ళలోకి చూస్తూ.

"మీ తెలివి బాగుందండీ. మాటలు, పోలికలు, బొమ్మలు పేర్చడం, ఆలోచించి దారి కనుక్కోవడం, వీటిలో నూరుమందిని నిలబెడితే మీరు బాగా ముందు వరసలో ఉంటారు."

నేను అత్తగారి వైపు చూశాను. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళను అలాగే చూస్తారు.

"వేగం తగ్గింది," అంది ఆవిడ. "ఆ గుర్తులు వేసే పరీక్షలో. అది దెబ్బ వల్లే. కాలం గడిచేకొద్దీ కొంత తిరిగి రావచ్చు."

"కొంచెం నెమ్మది, అంతే కదా. తెలివైతే ఉందిగా. పెద్దాయనకు చెప్పేయండి మరి."

ఆవిడ గడియారాన్ని బల్ల మీద పెట్టి పక్కకు జరిపింది. "ఇంకో మాట కూడా చెప్పాలి. నా పరీక్షలో ఒకసారికి ఒక్కటే ప్రశ్న. గది నిశ్శబ్దం. ఎప్పుడు మొదలుపెట్టాలో నేనే చెప్తాను, ఎప్పుడు ఆపాలో నేనే చెప్తాను. తర్వాత ఏం చేయాలో గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా నాదే. అంటే మీరు చేయాల్సిన పనిలో సగం నేనే చేసేశాను. మీ ఉద్యోగంలో ఆ సగం ఎవరు చేస్తారు?"

"నేనే."

"ఆ సగాన్ని ఈ గదిలో నేను కొలవలేనండీ. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరు ఈ బల్ల దగ్గర నూటికి నూరు తెచ్చుకుని, ఇంటికి వెళ్ళి ఒక పూట గడుపుకోలేకపోతారు. మీరు అలా అని నేననడం లేదు. తెలియదంటున్నాను. మిమ్మల్ని మీ పనిలో ఒకసారి చూడనిస్తారా?"

"రేపే రండి," అన్నాను. నాకు బెరుకేమీ కలగలేదు. పైగా, చేపను తన తెలివి నీళ్ళలో చూపించమంటే ఎంత సంతోషిస్తుందో అంత సంతోషించాను.

రేపు కుదరలేదు. అన్ని ఏర్పాట్లూ జరిగేసరికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో నన్ను ఇంట్లో భరించడం కష్టమైందని ఇప్పటికీ అంటారు. మా ఆయన కళ్ళజోడు వెతుక్కుంటుంటే, "ముందు వరసలో ఉన్నదాన్ని అడగండి, చెప్తాను," అనేదాన్ని. అత్తగారు కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే, "మీరూ ఒకసారి ఆ బల్ల దగ్గర కూర్చోండి," అనేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. ఊరుకోవడం ఆవిడ జాతకంలోనే లేదు. నేనది గమనించి ఉండాల్సింది.

మా స్టేషన్ వెనక మైదానంలో అభ్యాసం కోసం కట్టిన మూడంతస్తుల భవనం ఉంది. తలుపులు లేవు, అద్దాలు లేవు, గోడలన్నీ మసి. యంత్రంతో పొగ నింపుతారు, నిప్పు ఉండదు. పై అంతస్తులో గోనెసంచితో కుట్టిన మనిషిని ఎక్కడో పడేస్తారు. ఆ మనిషిని వెతికి తేవాలి. ఇద్దరు పైకి, ఇద్దరు కింద వెనక గదుల్లోకి గొట్టం పట్టుకుని. నేను బయట, చేతిలో రేడియో. రేకుల నీడ కింద పెద్దాయన, పరీక్షలావిడ, వాళ్ళ పక్కన నత్త. నాకు సాయం చేయకూడదని అతనికి గట్టిగా చెప్పారు.

హెల్మెట్ పెట్టుకోగానే నా గొంతు నాకు తిరిగి వచ్చింది. ఇద్దరిద్దర్నీ లోపలికి పంపాను. గాలి వాటం చూశాను. నిచ్చెన ఎక్కడ ఆనించాలో చెప్పాను. కాసేపటికి పై నుంచి పిలుపు. మనిషి దొరికాడు, మెట్ల దారి మూసుకుపోయింది, ఎటు రమ్మంటారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తూర్పు కిటికీకి రమ్మన్నాను. నిచ్చెన మార్పించాను. బండి దగ్గరున్నవాళ్ళలో ఒకణ్ని అడుగున పట్టుకోమన్నాను. గోనెసంచి మనిషిని భుజానేసుకుని ఇద్దరూ మెట్టు మెట్టుగా దిగి వచ్చారు. అంత శుభ్రంగా జరిగిన అభ్యాసం నా సర్వీసులోనే తక్కువ. చేతులు దులుపుకుని నీడ వైపు చూశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సరే, పరీక్షలావిడ అలవాటు అందరికీ అంటుకున్నట్టుంది అనుకున్నాను.

దాహం వేసింది. కుళాయి భవనం వెనక ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళాను.

వెనక గోడకు ఆనుకుని మా వాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. హెల్మెట్లు తీసి పక్కన పెట్టారు. ఒకతను బూట్లోంచి మట్టి దులుపుకుంటున్నాడు.

"ఏంటి, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాను.

ఒకరినొకరు చూసుకున్నారు.

"చచ్చిపోయాం మేడమ్," అన్నాడు పెద్దవాడు.

అభ్యాసంలో అది మామూలు మాటే. వీపు మీది సిలిండర్లో గాలి అయిపోయినవాళ్ళు బయటికి వచ్చి హెల్మెట్ తీసి కూర్చోవాలి. ఆ నియమం పెట్టింది నేనే.

"పిలవలేదేం మరి?"

"పిలిచాం మేడమ్. నీళ్ళు ఆగిపోయాయి, గాలి తగ్గుతోంది, వచ్చేయమంటారా అని అడిగాం. విన్నాను, ఆగండి అన్నారు." గొంతు సవరించుకున్నాడు. "ఆగాం."

రెండోవాడు నేలకేసి చూస్తూ, "ఇంకోసారి కూడా పిలిచాం," అన్నాడు.

నాకు గుర్తు లేదు. గుర్తు తెచ్చుకుందామంటే అక్కడ చీకటి కూడా లేదు, ఏమీ లేదు. వాళ్ళు చెప్పకపోతే ఆ మాట నేను అన్నట్టు ఈ జన్మకు తెలిసేది కాదు. ఆ ఇద్దరూ నా మాట వినకుండా బయటికి వచ్చేసి ఉంటే బతికి ఉండేవాళ్ళు. నేను చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులుగా వాళ్ళను తయారుచేసింది నేనే.

కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. నీళ్ళు తాగాను. వాళ్ళ పక్కన కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి నీడ కిందికి వెళ్ళాను.

పెద్దాయన ముందే మొదలుపెట్టారు. "చాలా రోజుల తర్వాత కదమ్మా. ఇంకో నెల ఆగి మళ్ళీ..."

"బండి ఇతనికివ్వండి సార్," అన్నాను నత్తను చూపించి.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదు మేడమ్. నేను నెమ్మది. మీరే అంటారుగా."

"నెమ్మదివే. కానీ లైన్లో ఎవరినీ మర్చిపోవు."

పరీక్షలావిడ తన సంచిలో గడియారం వేసుకుంది. అప్పుడు మొదటిసారి ఆవిడ ముఖంలో ఏదో కదలడం చూశాను. ఏమిటో పట్టించుకునే ఓపిక నాకు లేకపోయింది.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. పెద్దాయన ముందే మా ఆయనకు ఫోన్ చేసినట్టున్నారు. కొన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. వీధిలో మా బండి సైరన్ వినిపిస్తే, ఎటు వెళ్తోందో చెవులు చెప్పేవి. ఎందుకు వెళ్తోందో, ఎవరు లోపలికి వెళ్తారో, ఆ ఆలోచనలు ఆగేవి కావు. అత్తగారు అన్నం పెట్టేవారు, తినేదాన్ని. నాతో పోట్లాటకు రాలేదు. అదొక్కటే భరించలేకపోయాను.

ఒక ఉదయం ఆవిడే మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"లే. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఒకటే లైను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. ఒక మాట పూర్తయ్యాకే ఇంకో మాట. ఫోన్లో ఉన్నవాళ్ళు పొయ్యి ముట్టుకోకూడదు, పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళు ఫోన్ ఎత్తకూడదు. అందరికీ అదే నియమం. నాక్కూడా."

"మీరు ఒక పూట కూడా ఆగలేరత్తయ్యా."

"నువ్వు మాట్లాడటం అయిందా? అయితే ఇప్పుడు నేను మాట్లాడతాను. ఆగగలను."

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనూ అత్తగారూ ఒకరి వంతు కోసం ఒకరం చూస్తూ కూర్చున్నాం. ఇద్దరమూ ఊరుకునేసరికి మధ్యలో ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీలో మా ఆయన గొంతు వినిపించింది.

"నాకో మాట చెప్పాలనుంది," అన్నారు. మేమిద్దరం ఆయన వైపు తిరిగాం. "మన మంచం ఫ్యాను కింద నుంచి కిటికీ పక్కకి జరిపారు కదా. అప్పటి నుంచి నాకు గాలి తగలడం లేదు."

"అది జరిపి ఎన్నేళ్ళయిందండీ," అన్నాను.

"అవును. సందు దొరకలేదు."

ముందు అత్తగారు నవ్వారు. తర్వాత నేను. అన్నం కలిపిన చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి, మోచేత్తో తుడుచుకున్నాను. ఇక ఆయనను పట్టుకోలేకపోయాం. వాళ్ళ ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చి తన వీధి కుళాయిలో నీళ్ళు రావడం లేదని గొడవ చేస్తే, వెళ్ళి చూస్తే ఆయన ఇంటి ముందు ఉన్నది కుళాయే కాదట, సైకిల్ కట్టుకోవడానికి పాతిన గొట్టమట. ఆ కథ ఆయన ఎంత తీరుబడిగా చెప్పారంటే, మితభాషి అని ఇన్నాళ్ళూ అనుకున్న మనిషి లోపల ఇంతమంది మనుషులున్నారా అని నేను గుడ్లప్పగించి చూశాను. మర్నాడు మంచం ఫ్యాను కిందికి వచ్చింది.

పరీక్షలావిడ మా ఇంటికి ఒకసారి వచ్చింది. సాయంత్రం, చేతిలో గడియారం లేకుండా. మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం చూసి కాసేపు ఆశ్చర్యపోయింది.

"కోపంగా ఉందా నా మీద?" అంది.

"ఉంది," అన్నాను. "మీరు నన్ను తెలివితక్కువదాన్నని తేల్చి ఉంటే మీతో పోట్లాడేదాన్ని. తెలివైనదాన్నని తేల్చి, పనికి రాకుండా చేశారు."

"ఏ పనికి?"

"నా పనికి."

"మీ పనిలో అన్నీ ఒకేసారి మీద పడతాయి, నిజమే. మీ శాఖలో ఇంకే పనీ లేదా? ఒకసారికి ఒకటే ప్రశ్న ఉండేది, తొందర లేనిది?"

నవ్వొచ్చింది. "మంట తొందర లేకుండా ఉంటుందా అండీ?" అన్నాను. అన్నాక తట్టింది. ఉంటుంది. ఆరిపోయాక.

మంట ఆరాక అది ఎక్కడ మొదలైందో, ఎందుకు మొదలైందో తేల్చడానికి మా శాఖలో ఒక ముసలాయన ఉండేవారు. ఒంటరిగా వెళ్ళి, బూడిదలో గొంతుక్కూర్చుని, పూటలు పూటలు ఏదో గోకుతూ ఉంటారని మేమంతా వేళాకోళం చేసేవాళ్ళం. మంటలు ఆర్పడం చేతకానివాళ్ళ ఉద్యోగం అనుకునేదాన్ని. ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటానని అడిగితే పెద్దాయన రెండో మాట లేకుండా ఒప్పుకున్నారు. ముసలాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "తొందరపడతావా?" అని అడిగారు.

"ఇప్పుడు పడలేనండీ," అన్నాను.

"అయితే రా."

వానాకాలం వెళ్ళాక, నేను ఒంటరిగా వెళ్ళిన మొదటి చోటు ఒక ఇస్త్రీ దుకాణం. మా బండే వెళ్ళి ఆర్పింది, నత్తే దగ్గరుండి ఆర్పించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దుకాణం మాత్రం కాలి బొగ్గయింది. నేను వెళ్ళేసరికి దుకాణదారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య దూరంగా గోడ నీడన, సగం కాలిన బట్టల్ని విడదీసి మడతపెడుతోంది.

"చూసేదేముందమ్మా," అన్నాడాయన. "మా ఆవిడ ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చేసింది. అంతే. వీధిలో అందరికీ తెలుసు."

"మీరు ఆపలేదా అమ్మా?" అని ఆవిణ్ని అడిగాను.

"ఆపాననే అనుకున్నానండీ," అంది తల ఎత్తకుండా. "అందరూ ఆపలేదంటుంటే నాకే నమ్మకం పోయింది. ఆపినట్టు గుర్తుంది. ఆ గుర్తు నిజమో కాదో తెలియట్లేదు."

ఆ మాట నా లోపల ఎక్కడికో వెళ్ళి కూర్చుంది. ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళాను.

మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను. ముందు ఒక్కటే ప్రశ్న పెట్టుకున్నాను, ఎక్కువ కాలింది ఎక్కడ అని. ఇస్త్రీ బల్ల పైభాగం బొగ్గయింది గానీ, అడుగు చెక్క కాలకుండానే ఉంది. అంటే మంట పై నుంచి దిగింది. అది తేలాకే రెండో ప్రశ్నకు వెళ్ళాను. పైన ఏముంది? కప్పు కింద మూలన, కరెంటు తీగలు కలిసేచోట గోడ లోతుగా కాలి పెచ్చులూడింది. తీగ కొసల్లో రాగి కరిగి చిన్న చిన్న పూసలు కట్టింది. అవి కరెంటు రవ్వ పడ్డ గుర్తులు. మూడో ప్రశ్న ఆఖర్న. కింద బూడిదను చేత్తో పక్కకు తీస్తూ పోతే ఇస్త్రీపెట్టె స్విచ్ పలక దొరికింది. ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. ఆ ముద్దలో మీట ఎటు వంగి ఉందో తడిగుడ్డతో తుడిచి, వెలుతురులోకి తిప్పి చూశాను. తొందర లేదు. మళ్ళీ చూశాను.

మధ్యలో నత్త వచ్చాడు. ఏదో అడగబోయి, నేను పనిలో ఉండటం చూసి గుమ్మం దగ్గర ఆగాడు. నేను తల ఎత్తాకే మాట్లాడాడు.

బయటికి వచ్చి ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"మీరు ఆపే వెళ్ళారమ్మా. మంట పైన తీగల్లో పుట్టింది. ఇస్త్రీపెట్టెకు సంబంధం లేదు."

ఆవిడ చేతిలోని బట్ట అలాగే ఉండిపోయింది. "నిజంగానా?"

"మీట ఆపి ఉన్నది ఉన్నట్టే కరిగిపోయింది. చూపిస్తాను రండి."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని నా వెనక లోపలికి వచ్చింది. బూడిదలో నా పక్కన గొంతుక్కూర్చుంది. స్విచ్ పలకను ఆవిడ అరచేతిలో పెట్టాను. వంగి చూసింది. అరుగు మీద నుంచి భర్త లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి, "అది కాదే, నేనేమన్నానంటే..." అని ఏదో మొదలుపెట్టాడు.

"మీరు ఉండండి," అంది ఆవిడ, చేతిలోంచి చూపు తిప్పకుండా. "నన్ను చూడనివ్వండి."

నేను కొంచెం పక్కకు జరిగి, ఆవిడకు వెలుతురు వదిలాను.